పంపు వైరు మీద మైనపు దారం

మా వీధి మలుపులో ఉన్న మెకానిక్ నా బండిని చూసే ముందు నా వెనక మగవాళ్లెవరైనా ఉన్నారా అని చూస్తాడు. లేరని తెలిశాక వీధి చివరిదాకా ఇంకోసారి చూస్తాడు, ఆలస్యంగా వస్తున్నారేమోనని. ఎవరూ రారని రూఢి అయ్యాకే పానా చేతిలోకి తీసుకుంటాడు. ఆ చలికాలమంతా నేను అతని ముందు పళ్లు నూరుకుంటూ నిలబడి గడిపాను. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది. కానీ ఆ కోపంలో చాలా భాగం అతనికి చెందాల్సింది కాదని తర్వాత తెలిసింది.

మేముండేది బెంగాల్లో, రైలు పెట్టెల వర్క్‌షాపు ఉన్న లిలువాలో. నాన్న రైలు పెట్టెల్లో లైట్లకీ ఫ్యాన్లకీ వైరింగు చేసే పనిలో ఉండి రిటైరయ్యాడు. తాతల ఊరు శ్రీకాకుళం వైపు. నాకు మాత్రం ఊరంటే ఇదే. నేను ఒక ల్యాబ్ తరఫున ఇళ్లకు వెళ్లి పరీక్షలకు రక్తం తీసుకొస్తాను. నేను వెళ్లే ఇళ్లన్నీ న్యూ టౌన్ అపార్ట్‌మెంట్లలోనే. షుగరు పరీక్ష కోసం పరగడుపున కూర్చున్న ముసలివాళ్లు నా కోసం గడియారం చూస్తూ ఉంటారు. తెల్లవారుతూనే బయల్దేరి, బాలీ బ్రిడ్జి మీద గంగ దాటి, ఎక్స్‌ప్రెస్‌వే పట్టుకుంటే తప్ప ఆ వేళకి అక్కడ ఉండలేను. అందుకే సొంత బండి ఉన్నవాళ్లకే ల్యాబ్ వాళ్లు ఈ పని ఇస్తారు. బండి లేనివాళ్లు భవానీపూర్ బ్రాంచిలో అద్దం వెనక కూర్చుని బిల్లులు కొట్టాలి.

బిల్లులు కొట్టడం చెడ్డ పని కాదు. నేనూ కొన్నాళ్లు కొట్టాను. అద్దానికి ఒక గుండ్రటి కన్నం, ఆ కన్నంలోంచి రోజంతా విసుక్కునే గొంతులు, వీపు వెనక సూపర్‌వైజరు. బాత్రూముకి వెళ్లాలన్నా ఎవరికో ఒకరికి చెప్పి లేవాలి. బండి మీద ఉన్నంతసేపు నన్ను ఎవరూ ఏమీ అడగరు. హెల్మెట్ పెట్టుకున్నాక నేను ఎవరి కూతురినో, ఏ రాష్ట్రం దాన్నో, పెళ్లెందుకు కాలేదో రోడ్డు మీద ఎవరికీ అక్కర్లేదు. బండి పోతే నాకు పోయేది ఒక్క ఉద్యోగం కాదు. ఇంట్లో ఈ మాట చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, చెప్పడం మానేశాను.

ఆ ఏడు వానల్లో ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక లారీ నన్ను రాసుకుంటూ పోయింది. పక్కనున్న బురదలో పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది, సైలెన్సరు నొక్కుకుపోయింది, అంతే. ఇంటికి వచ్చాక అమ్మ ఏడ్చింది, పసుపు రాసింది, తిట్టింది. నాన్న నా చేతి వైపు ఒక్కసారి చూసి, బయటికెళ్లి సైలెన్సరు నొక్కు దగ్గర గొంతుకు కూర్చున్నాడు. ఎంతసేపటికీ లేవలేదు. భోజనానికి పిలిస్తే వచ్చి తిన్నాడు. బండి మానెయ్యమనలేదు, జాగ్రత్త అనలేదు. మా నాన్న అంతే, ముఖ్యమైన మాట ఏదైనా ఉంటే దాన్ని తప్ప మిగతావన్నీ మాట్లాడతాడు.

తర్వాత కొద్ది వారాలకు విశ్వకర్మ పూజ వచ్చింది. లిలువాలో అది పెద్ద పండగ. ఆ రోజు ఇక్కడ పనివాడన్నవాడు పనిముట్టు ముట్టడు. పానాలు, సుత్తులు, డ్రిల్లులు అన్నీ కడిగి, గంధం బొట్టు పెట్టి వరసగా పేరుస్తారు. ఆకాశం నిండా గాలిపటాలు. పూజ ముందురోజు నాన్న నా గదిలోకి వచ్చి చెయ్యి చాపాడు.

"బండి పూజకి పెట్టాల. తాళం ఇలగియ్యి."

ఇచ్చాను. పాత స్నేహితులంతా కలిసి పెట్టుకునే పందిరి దగ్గరికి తోసుకుంటూ తీసుకెళ్లాడు. మర్నాడు సాయంత్రానికి బండి తళతళా మెరుస్తూ, హ్యాండిల్‌కి బంతిపూల దండతో, ట్యాంకు మీద గంధంతో తిరిగొచ్చింది. చాలా సంతోషపడ్డాను. సైలెన్సరు నొక్కు కూడా కొంత సరిచేయించాడు. ఆ వారంలోనే బండి మొరాయించడం మొదలుపెట్టింది.

నా బండికి కార్బురేటర్ ఉండదు. పెట్రోలు ట్యాంకు లోపలే ఒక చిన్న మోటారు పంపు ఉంటుంది. తాళం తిప్పగానే అది రెండు మూడు సెకన్లు కుయ్యిమని తిరిగి, పెట్రోలు తోసి, ఆగుతుంది. తర్వాత బటన్ నొక్కితే ఇంజను అందుకుంటుంది. ఆ కుయ్యిమనే శబ్దం నాకు ఎంత అలవాటంటే, అది లేని రోజు తాళం తిప్పానా లేదా అని చేతి వైపు చూసుకున్నాను. ఇంకో రోజు శబ్దం వచ్చింది గాని నీరసంగా ఉంది. బండిని కాస్త ఊపితే మళ్లీ బాగుండేది. ఇంటి దగ్గర ఒకసారి, సరుకుల కొట్టు దగ్గర ఇంకోసారి, తర్వాత నడిరోడ్డు మీద, ఏ గతుకులోనో పడి లేచేసరికి టప్పున ఆగిపోయేది.

మెకానిక్ మొదటి మాట: "దీదీ, జొల్ ఢుకేఛే." పూజకి పైపు పెట్టి కడిగారు కదా, నీళ్లు దూరాయట. అందులో అర్థముంది. పండగ తర్వాత వారమంతా అతని షెడ్డు నిండా కడిగి పాడుచేసుకున్న బళ్లే. వైర్లు కలిసే ప్లగ్గులన్నీ విప్పి గాలి కొట్టాడు. బాగానే ఉందనిపించింది. నాలుగు రోజులకి మళ్లీ ఆగింది. రెండో మాట: పెట్రోల్లో కల్తీ. ట్యాంకు ఖాళీ చేయించాడు. తర్వాత బ్యాటరీ అన్నాడు, కొత్తది వేయించాను. తర్వాత స్పార్క్ ప్లగ్గు. పంపు దగ్గర మీటరు పెట్టి చూడమని నేనే చెప్పాను. పెట్టి, పన్నెండు వోల్టులు చూపించి, "ఇక్కడ ఏ దోషమూ లేదు, పంపే పోయుంటుంది" అన్నాడు. పంపు బయటికి తీసి నేరుగా బ్యాటరీకి కలిపితే బొంగరంలా తిరిగింది. అది చూశాక కూడా అతని మొహంలో ఏ మార్పూ లేదు.

ఒక రోజు నాన్న నన్ను వెతుక్కుంటూ అక్కడికొచ్చాడు. అంతవరకు నాతో ముక్తసరిగా మాట్లాడుతున్న మెకానిక్ మొహం వెలిగిపోయింది. ఎట్టకేలకు ఒక మగవాడు దొరికాడు. "కాకూ, బండిలో ఏమీ లేదు. ఆడపిల్ల చేతిలో బండి ఇలాగే ఉంటుంది. క్లచ్చు సరిగ్గా వదలరు, ఇంజను ఆగిపోతే బండి చెడిపోయింది అంటారు" అని నా ముందే బెంగాలీలో నాన్నకి చెప్పాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. క్లచ్చుకీ పంపుకీ ఏం సంబంధమని గట్టిగానే అడిగాను. షెడ్డులో టీ తాగుతున్నవాళ్లంతా తల తిప్పారు. నాన్న మాత్రం తల వంచుకుని నేల మీద నూనె మరకలు చూస్తున్నాడు. కూతురిని అలా అంటే బాధపడ్డాడని, పదిమందిలో దెబ్బలాడలేక ఊరుకున్నాడని అనుకున్నాను. ఇంటికి వస్తూ నేనే ఆయన్ని ఓదార్చాను. అది గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే నవ్వొస్తుంది, కోపంతో కూడిన నవ్వు.

"నువ్వొకపాలి సూడు నాన. వైర్ల పని నీకు తెలిసినట్టు ఇక్కడెవరికి తెలుసు" అని అడిగాను.

"నాకీ కొత్త బళ్లు తెలవ్వమ్మా. అన్నీ కంప్యూటర్లంట కదా" అన్నాడు.

పక్కింటి వాళ్ల వాషింగ్ మెషీను విప్పి బాగుచేసిన మనిషి. ఎదురింటి బీహారీ వాళ్ల ఇన్వర్టరు పాడైతే పిలవకుండానే వెళ్లే మనిషి. మా ఇంట్లో చెడిపోయిన మిక్సీ కనిపిస్తే అన్నం చల్లారేదాకా దాన్ని వదలని మనిషి. నా బండి దగ్గరకొచ్చేసరికి కంప్యూటరు అడ్డొచ్చింది. వయసు పైబడుతోంది, భయపడుతున్నాడు అనుకున్నాను.

అమ్మది ఒకటే పాట. "ఒగ్గేయే ఆ బండి. కౌంటర్లో కూకుంటే ఏటి పోద్ది? ఫ్యాను కింద పని."

"నువ్వు కూకోమ్మా ఫ్యాను కింద" అనేదాన్ని.

చలి బాగా పడుతున్న రోజుల్లో ఒక పొద్దున బాలీ బ్రిడ్జి మీద బండి ఆగింది. ఆ వంతెన ఎరగని వాళ్లకి చెప్పాలి: మధ్యలో రైలు పట్టాలు, రెండు పక్కలా సన్నటి రోడ్లు. ఒక బండి ఆగితే వెనక ఉన్నవాళ్లు పక్కకి తప్పుకోవడానికి చోటుండదు. నా వెనక బస్సు ఉంది. ఇంజను ఆగిన చప్పుడు లేదు, ఒక్కసారి బండి కిందనుంచి బలమంతా జారిపోయింది. వెనక బ్రేకుల కీచు. తిరిగి చూస్తే బస్సు ముందు రేకు నా వీపుకి ఇంత దూరంలో ఉంది. దాని వేడి నా చలికోటు మీద తగిలింది. కండక్టరు తలుపు మీద చేత్తో బాదుతూ అరుస్తున్నాడు. అదే సమయానికి పక్కనుంచి లోకల్ రైలు పోయింది. కిటికీల్లో జనం నన్ను చూస్తూ పోయారు. బండిని తోసుకుంటూ వంతెన దిగాను. వెనక హారన్లు ఆగలేదు.

ఆ రోజు న్యూ టౌన్‌లో పరగడుపున నా కోసం కూర్చున్న ఒక పెద్దాయన కళ్లు తిరిగి సోఫాలో పడిపోయాడు. నేను వెళ్లేసరికి ఆయన భార్య చక్కెర నీళ్లు పట్టిస్తోంది. నన్ను ఏమీ అనలేదు, తలుపు తీసి పక్కకి జరిగింది. తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం మేనేజరు ఫోన్ చేశాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఇళ్ల పని నుంచి తీసేసి కౌంటరుకి పంపుతామని మర్యాదగానే చెప్పాడు.

భోజనాల దగ్గర జరిగిందంతా చెప్పాను. నాన్న చేతిలో ముద్ద కంచంలోకి జారింది.

"ఎక్కడ?"

"బ్రిడ్జి మీద. నట్టనడిమిని. ఎనకాల బస్సు."

"అక్కడెలగ ఆగింది" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"నన్నడుగుతావేటి నాన, బండినడుగు. ఇంకొక్కపాలి ఆగితే నన్ను కౌంటర్లోకి తోసేస్తారంట" అన్నాను.

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. అన్నం సగం అలాగే ఉంది. మర్నాడు పొద్దున నేను హెల్మెట్ పెట్టుకుంటుంటే, రోజూలాగే నాకోసం గేటు తీసి పట్టుకుని, "ఈయేల బస్సులో ఎల్లు" అన్నాడు. ఈయన కూడా మొదలుపెట్టాడా అని చిరాకేసి, బదులు చెప్పకుండా వెళ్లిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, సీటూ పక్క రేకులూ విప్పి, ఇంటి ముందే కూర్చున్నాను. ఇక ఎవర్నీ నమ్మదలుచుకోలేదు. నా మీటరు నేను కొనుక్కున్నాను. బ్యాటరీ దగ్గర పన్నెండు. ఫ్యూజు దగ్గర పన్నెండు. పంపుకి కరెంటు వదిలే రిలే దగ్గర పన్నెండు. పంపు ప్లగ్గు విప్పి, తాళం తిప్పి, కరెంటు వచ్చిన రెండు మూడు సెకన్లలోనే చూస్తే అక్కడా పన్నెండే. మీటరు ఎక్కడ పెట్టినా ఒకటే చెబుతోంది, అంతా క్షేమమని. దాన్ని తీసి గోడకేసి కొట్టాలనిపించింది.

అప్పుడు నాన్న మాట గుర్తొచ్చింది. వర్క్‌షాపు రోజుల్లో ఆయన మీటరు పట్టుకుని వచ్చే కొత్తవాళ్లని ఇంట్లో వెక్కిరించేవాడు. మీటరుకి కావలసింది చుక్క కరెంటు. వైరులో పోగులన్నీ తెగిపోయి ఒక్కటి మిగిలినా ఆ చుక్క నిక్షేపంగా వస్తుంది. ఫ్యాను తిరగడానికి కావలసినంత మాత్రం రాదు. అందుకే వైరుకి పని చెప్పి చూడాలి, బల్బు తగిలించాలి, అనేవాడు. లోడు పెట్టకుండా ఏ వైరునీ మంచిదనకూడదని ఆయన పట్టుదల. నేను హోంవర్కు చేసుకుంటూ విన్న మాటలివి.

పాత హెడ్‌లైటు బల్బు ఒకటి వెతికి, దానికి రెండు వైరు ముక్కలు మెలిపెట్టి, పంపు ప్లగ్గులో పంపుకి బదులు దాన్ని పెట్టాను. తాళం తిప్పాను. బల్బు లోపలి తీగ బీడీ నిప్పులా ఎర్రబడి ఆగింది. మళ్లీ తిప్పాను, మళ్లీ అంతే. కొట్టొచ్చినట్టు కనిపిస్తున్న జవాబు.

తర్వాత పని సులువు. పంపుకి రెండు వైర్లు: కరెంటు తెచ్చేది ఒకటి, తిరిగి తీసుకుపోయేది ఒకటి. కరెంటు తెచ్చే వైపున్న బల్బు కాలు ప్లగ్గులోంచి తీసి నేరుగా బ్యాటరీకి కలిపాను. కళ్లు జిగేలుమనేలా వెలిగింది. అంటే తిరిగి తీసుకుపోయే వైరు మంచిదే, తెచ్చే వైరులోనే లోపం. అదే వైరు మొదట్లో, రిలే దగ్గర బల్బు పెడితే జిగేలు. చివర పెడితే బీడీ నిప్పు. మధ్యలో జానెడు కన్నా కాస్త ఎక్కువ వైరు, సీటు కిందనుంచి ట్యాంకు కిందికి పోయే కట్టలో. ఆ కట్ట మీద నల్లటి ప్లాస్టిక్ గొట్టం. గొట్టాన్ని బ్లేడుతో నిలువుగా కోశాను.

లోపల ఒకచోట వైర్లని దగ్గరగా చేర్చి మైనం పూసిన దారంతో కట్టి ఉంది. వేలెడు వేలెడు దూరంలో ముడి, ప్రతి ముడీ ఒకే గీతలో, చివర కొసని లోపలికి దూర్చి ఏటవాలుగా కోసి. ఏ కంపెనీ అలా కట్టి పంపదు. ఏ వీధి మెకానిక్కూ అలా కట్టడు, నల్ల టేపు చుట్టి తోక వేలాడదీస్తాడు. మా ఇంట్లో టీవీ కేబులు అలా కట్టి ఉంటుంది. దోమతెర తాడు అలా కట్టి ఉంటుంది. నా స్కూలు గొడుగు పిడి ఊడిపోతే అలాగే కట్టి ఇచ్చాడు. రైలు పెట్టెల్లో వైర్లు కుదుపుకి రాసుకోకుండా అలా కడతారు. చేతికి పట్టిన ఆ పని, దొంగపని చేసేటప్పుడు కూడా చెయ్యి మానుకోలేకపోయింది.

దారం కోసి చూశాను. లోపల వైరు పొట్ట చీల్చి, రాగి పోగులన్నీ తెంపి, రెండు మూడు మాత్రం ఉంచి, పైన తొడుగు వేసి ఉంది. ఆ మిగిలిన పోగులు వేడికి నల్లబడ్డాయి. ఒకటి అప్పటికే తెగి, రెండో ముక్కకి ఊరికే ఆనుకుని ఉంది.

పూర్తిగా తెంపితే ఏ మెకానికైనా ఒక పూటలో పట్టేస్తాడు. అది తెలిసినవాడు కాబట్టే పూర్తిగా తెంపలేదు. కొన్ని రోజులు నడుస్తుంది, కొన్ని రోజులు నడవదు, మీటరుకి దొరకదు, ఎవరికీ అర్థం కాదు. విసుగొచ్చి నేనే అమ్మేస్తాను. ఇంత తెలివి పెట్టాడు. అంతకు ముందు నెలలన్నీ నా కళ్ల ముందు తిరిగాయి: పూజకని నా చేత్తో ఇచ్చిన తాళం, వేయించిన బ్యాటరీ, షెడ్డులో నవ్వులు, క్లచ్చు మాట, తల వంచుకుని నూనె మరకలు చూసిన నాన్న. ఆయన్ని ఓదారుస్తూ నేను.

"నాన. ఒకపాలి ఇలగ రా" అని పిలిచాను.

నా గొంతులో ఏముందో, అమ్మ కూడా వెంట వచ్చింది. నాన్న విప్పి ఉన్న సీటు చూశాడు, గొట్టం చూశాడు, నా అరచేతిలో మైనపు దారం ముక్కలు చూశాడు. ఏమైందని అడగలేదు.

"ఏటిది?" అన్నాను.

"ఆ బండి నీకొద్దమ్మా."

"నేనడిగింది అది కాదు. ఇది ఏటి అని అడుగుతన్నాను."

అమ్మ వీధి వైపు చూసి, "లోపలికి రండి, అందరూ సూస్తన్నారు" అంది. చూస్తే చూడనీ అన్నాను.

"లారీ కొట్టినకాడి నుంచి నాకు నిద్ర నేదు" అన్నాడు నాన్న. "కల్లు మూస్తే నువ్వు రోడ్డు మీద పడున్నట్టే ఉంటంది. సెప్తే నువ్వు ఇనవు."

"ఎప్పుడు సెప్పినావు? ఒక్కపాలైనా సెప్పినావేటి? వొద్దు అన్నావా? భయమేస్తంది అన్నావా? అంటే దెబ్బలాడేదాన్ని. ఏడ్సేదాన్ని. తెల్లారేక ఇద్దరం టీ తాగేవోల్లం. నువ్వు మాట్లాడకుండా వైరు కోసినావు."

"ఇంటికాడే ఆగిపోద్దనుకున్నాను. తోవలో ఆగుద్దని అనుకోనేదు."

"సరే. బ్రిడ్జి మీద ఆగిందని సెప్పినాను కదా. ముద్ద జారిపోయింది కదా నీకు. ఆ తెల్లారి ఎందుకు విప్పనేదు?"

అమ్మ ఆయన మొహంలోకి చూస్తోంది. ఈ సంగతి ఆమెకి తెలియదని ఆ చూపులోనే తెలిసింది.

"ఇంకొక్కపాలి ఆగితే ల్యాబోల్లు కౌంటర్లోకి పంపేస్తారని నువ్వే అన్నావు కదా" అన్నాడు చివరికి. "ఒక్కపాలే కదా అనుకున్నాను."

బస్సు రేకు వేడి మళ్లీ నా వీపు మీద తగిలింది. ఆయన నన్ను చంపాలనుకోలేదు, అది నాకు తెలుసు. నేను బతికుండాలనే ఇదంతా. ఆ మాటే నన్ను మరీ మండించింది. నేను క్షేమంగా ఉండాలంటే నా బతుకులో ఏది ఉండాలో ఏది పోవాలో తనొక్కడే తేల్చుకున్నాడు. అందుకోసం వంతెన మీద ఇంకొక్కసారి ఆగినా పరవాలేదనుకున్నాడు.

"నేను బాగుసేస్తానమ్మా, ఇలగియ్యి" అని వంగి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు" అన్నాను.

ఆయన చూస్తుండగానే పాడైన ముక్క మొత్తం కోసేశాను. కొత్త వైరు వేసి, పోగులు మెలిపెట్టి, టంకం పెట్టి, తొడుగు ఎక్కించాను. టంకం నున్నగా రాలేదు, ఒకచోట ముద్దగా అయింది. ఆయన వేళ్లు దగ్గరకొచ్చి ఆగాయి. బల్బు తగిలించి తాళం తిప్పాను. పట్టపగలు కూడా కళ్లలో పడేలా వెలిగింది. బల్బు తీసి పంపు ప్లగ్గు పెట్టి మళ్లీ తిప్పాను. కుయ్యిమంది.

"నాన, ఒక మాట అడుగుతాను. నిజం సెప్పు. ఇలాంటి జాయింటు ఉన్న రైలు పెట్టెని, లోపల జనాన్ని పెట్టి, నువ్వు వర్క్‌షాపులోంచి బయటికి పంపేవోడివా?"

ఆయన దానికి ఆలోచించలేదు. "పంపను" అన్నాడు. "ఉద్యోగం పోయినా పంపను."

"మరి నన్నెలగ పంపినావు?"

"నిన్ను నేను పంపనేదు కదమ్మా. నువ్వే ఎల్లినావు."

"రోజూ పొద్దున్నే నాకంటే ముందు లేచి, ఈ గేటు తీసి పట్టుకున్నదెవరు నాన?"

ఆయన గేటు వైపు చూశాడు. అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ లోపలికెళ్లి నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టింది, ఆయన తాగలేదు. నేను రేకులు బిగించి, సీటు వేసి, చేతులు కడుక్కున్నాను. ఆయన పక్కకి వెళ్లి కూర్చోవాలని అనిపించలేదు, ఇప్పటికీ పూర్తిగా అనిపించడం లేదు.

మర్నాడు పొద్దున ఆయన చెప్పులు వేసుకుని బయటికి వస్తున్న చప్పుడు విని, నాలుగడుగులు ముందే వెళ్లి గేటు నేనే తీసుకున్నాను.